త్రాసుకు తూకం

కొలబద్దను దేనితో కొలవాలి? నాగార్జునుడు ‘విగ్రహవ్యావర్తని’లో ప్రమాణవాదులను నిలదీసింది ఇక్కడే. ప్రమాణం వల్లే వస్తువు తెలుస్తుందంటే, ఆ ప్రమాణాన్ని నిలబెట్టేదేది? మరో ప్రమాణమైతే, దానికి ఇంకోటి కావాలి. ఈ అనవస్థ మాదాపూర్ ఆఫీసులో ఎక్సెల్ షీటు ముందు కూర్చునే నాకూ తప్పదు.

రక్తంలో క్యాన్సర్ జాడ వెతికే పరిశోధనలకు లెక్కలు చూడటం నా పని. రక్తం నా కంటపడదు; క్యూపీసీఆర్ యంత్రం ఇచ్చిన సీటీ అంకెలే వస్తాయి. ఒక జన్యువు తాలూకు ఆర్‌ఎన్‌ఏ ఎన్నో సైకిల్లో పట్టుబడిందో చెప్పే అంకె అది. సైకిల్‌కోసారి సరుకు దాదాపు రెట్టింపవుతుంది. ఒక ట్యూబులో రక్తం ఎక్కువ పడొచ్చు, ఇంకోదాంట్లో ఆర్‌ఎన్‌ఏ చెడిపోవచ్చు. అందుకే రోగం ఉన్నా లేకున్నా మారదనుకున్న జన్యువుతో పోల్చి చూస్తాం. అదే రిఫరెన్స్ జీన్. అది ఒక్క సైకిల్ అటూఇటూ అయితే ఫలితం రెట్టింపో సగమో అవుతుంది.

“అక్కా, అందరూ జీఏపీడీహెచ్‌నే వాడతారు కదా, మళ్లీ పరీక్షెందుకు?” అంటాడు మా టీములో కుర్రాడు. తెలియకుండానే అతనిది మీమాంసకుల పక్షం: జ్ఞానం స్వతఃప్రమాణం, బాధకం, అంటే అది తప్పని చూపే ఆధారం, కనిపించేదాకా నమ్మొచ్చు. ఇక్కడ బాధకం కనిపిస్తూనే ఉంది. జీఏపీడీహెచ్ గ్లూకోజును విరగ్గొట్టే ఎంజైము జన్యువు. కణితులు గ్లూకోజును విపరీతంగా తింటాయని ఒట్టో వార్‌బుర్గ్ 1920లలోనే చూపాడు. రోగం కదిలించగల జన్యువును ఆ రోగానికే సాక్షిగా పెడతామా? సీరంలో రిఫరెన్స్‌గా వాడే మిర్-16 అనే మైక్రోఆర్ఎన్ఏదీ అదే తీరు. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే చాలు, పెరిగిపోతుంది.

నాగార్జునుడి ప్రశ్నకు వాత్స్యాయనుడి న్యాయభాష్యంలో నాకు నచ్చిన జవాబుంది. త్రాసు బంగారాన్ని తూస్తుంది; త్రాసు మీద అనుమానమొస్తే, బరువు తెలిసిన బంగారంతో ఆ త్రాసునే సరిచూడవచ్చు. 2002లో బెల్జియంలోని ఘెంట్ నుంచి వాండెసొంపెలే బృందం తెచ్చిన జీనార్మ్ పద్ధతి దీనికి దగ్గరగా ఉంటుంది. అది ఏ జన్యువునూ ముందుగా నమ్మదు. జంటలుగా పోల్చి, మిగతావాటితో పొసగనిదాన్ని ఒక్కొక్కటిగా తీసేస్తుంది. చివరికి రెండు మిగులుతాయి. వాటిలో ఏది మేలో అది చెప్పలేదు. తనంతట తానుగా నిలిచేది ఏదీ లేదన్న నాగార్జునుడు ఇక్కడ నవ్వుకుంటాడేమో.

పొత్తులోనూ మోసముంది. రెండు జన్యువులు ఒకే అదుపులో ఉండి కలిసి పెరుగుతూ కలిసి తగ్గుతుంటే జీనార్మ్‌కు అవి స్థిరంగానే కనిపిస్తాయి. 2004లో డెన్మార్క్ నుంచి వచ్చిన నార్మ్‌ఫైండర్ రోగులకూ ఆరోగ్యవంతులకూ మధ్య తేడాను విడిగా లెక్కగడుతుంది. నేనైతే ఒంట్లో వేర్వేరు పనులు చేసే జన్యువులనే పరీక్షకు దింపుతాను. ఒకే మూలం నుంచి వచ్చిన ఏకాభిప్రాయం ఎన్ని గొంతులతో పలికినా ఒక్క సాక్ష్యమే.

మారనిది ఆత్మ ఒక్కటే అంటారు మా నాన్నగారు. నేను వాదించను. దేహంలో మాత్రం అలాంటిదాన్ని వెతకడం వృథా. ఒకే రిఫరెన్స్ జీన్‌ను నమ్ముకోవాలంటే అది ఈ ప్రయోగంలో మారలేదని రుజువు చూపాలని క్యూపీసీఆర్ ప్రయోగాలకు సంబంధించిన 2009 నాటి ఎంఐక్యూఈ మార్గదర్శకాలు అడుగుతాయి. అనవస్థ అక్కడితో తెగిపోదు. పనికి సరిపడా ఆగుతుంది. ఫలానా జబ్బుకు, ఫలానా ట్యూబులో తీసిన రక్తానికి ఈ జన్యువులు నిలిచాయని రాసి సంతకం పెడతాను. ఆసుపత్రి ట్యూబు మారిస్తే ఆ సంతకం చెల్లదు, మళ్లీ తూచాల్సిందే. హద్దులు చెప్పని నమ్మకం కన్నా ఇలాంటి నమ్మకం మీదే నేను బరువు మోపగలను.