ముందు ఫోటోలు, ఆ తర్వాతే విండోస్

తల్లీ,

మీ నాన్న ఫోన్ చేశాడు. ఇంట్లో కంప్యూటర్‌కి వైరస్ పట్టిందట, వర్డ్ తెరుచుకోవట్లేదట, టాలీ నడవట్లేదట, టాస్క్ మేనేజర్ కూడా రావట్లేదట. రేపు షాపుకి పంపి ఫార్మాట్ కొట్టించేస్తానన్నాడు. ఆ పని ముందు ఆపించు. వర్డ్ పోతే మళ్ళీ వేసుకుంటాం. నువ్వు రికార్డు చేసిన మీ నాయనమ్మ మాటలు, అక్క పెళ్ళి ఫోటోలు పోతే ఎక్కడ తెచ్చుకుంటాం? ఏది మళ్ళీ దొరుకుతుంది, ఏది దొరకదు అన్న లెక్క తేలకుండా ఆ మిషన్ మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకు.

ఇంటర్నెట్ తీసేసి, పెన్‌డ్రైవులు పీకేసి, కంప్యూటర్ ఆపెయ్యండి. పని చేస్తున్నాయో లేదోనని ఒక్కో ప్రోగ్రామూ తెరిచి చూడొద్దు. సాలిటీ అని ఒక వైరస్ 2003లో బయటపడింది, వైరట్ అని ఇంకోటి తర్వాత వచ్చింది. మీ నాన్న చెప్పిన లక్షణాలు ఆ జాతివే అనిపిస్తోంది. ఇవి విడిగా ఒక ఫైలులో కూర్చోవు. ఉన్న ప్రోగ్రాముల్లోకే దూరి, ఈఎక్స్‌ఈ ఫైళ్ళకి తమ కోడ్ అతికిస్తాయి. సాలిటీ అయితే యాంటీవైరస్‌ని ఆపేస్తుంది, సేఫ్ మోడ్‌లోకి వెళ్ళే దారి కూడా మూసేస్తుంది. మిషన్ ఎంత ఎక్కువసేపు ఆన్‌లో ఉంటే అంత ఎక్కువ ఫైళ్ళకి అంటుకుంటుంది.

యాంటీవైరస్‌తో శుభ్రం చేస్తే సరిపోదా అని అడుగుతావు. మామూలు వైరస్ అయితే సరిపోతుంది. విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ మంచిది. కేంద్ర ప్రభుత్వం 2017లో పెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్లో ఉచిత టూల్స్ ఉన్నాయి. కానీ ప్రోగ్రాముల లోపలికే దూరిన వైరస్‌ని కోసి తీసేసినా ఆ ప్రోగ్రాము పాత రూపానికి వస్తుందన్న నమ్మకం లేదు. వైరట్ అయితే అంటుకునేటప్పుడే కొన్ని ఫైళ్ళని పాడు చేస్తుంది, తర్వాత ఎవరు బాగుచేసినా అవి బాగుపడవు. అందుకే ఇలాంటప్పుడు నా మాట ఒకటే: మనం తయారుచేసిన ఫైళ్ళు బయటకి తీసుకో, ప్రోగ్రాములన్నీ వదిలెయ్యి.

తీయడం ఎలాగో చెప్తాను. వైరస్ లేని కంప్యూటర్లో, మీ స్నేహితురాలి లాప్‌టాప్ అయినా సరే, ఒక పెన్‌డ్రైవ్ మీద లినక్స్ మింట్ (విండోస్‌కి బదులు వాడే ఉచిత సిస్టమ్) ఎక్కించు. మన మిషన్ ఆన్ చేస్తూనే ఎఫ్12 గానీ ఎస్కేప్ గానీ నొక్కితే (కంపెనీని బట్టి మీట మారుతుంది) ఆ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసుకోవచ్చు. ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది. విండోస్ కోసం రాసిన ఈ వైరస్‌లు అక్కడ కదలవు. మీ డ్రైవులు తెరుచుకుంటాయి. 48 అంకెల బిట్‌లాకర్ కీ అడిగితే కంగారు పడకు. సాధారణంగా అది మీ నాన్న మైక్రోసాఫ్ట్ అకౌంట్లోనే ఉంటుంది, ముందే ఫోన్లో చూసి కాగితం మీద రాసి పెట్టుకో.

ఫోటోలు, ఆడియోలు, వీడియోలు, పీడీఎఫ్‌లు, పొలం పాసుపుస్తకాల స్కాన్లు, వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు, టాలీ డేటా ఫోల్డరు, ఇవన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకో. ఈఎక్స్‌ఈ, ఎస్‌సీఆర్, వీబీఎస్, బ్యాట్, షార్ట్‌కట్లు ఒక్కటి కూడా తేవద్దు. పాత వెబ్ పేజీలు దాచుకుని ఉంటే అవీ వద్దు, వైరట్ వాటినీ వదలదు. పేరు చూసి మోసపోకు. చివరి అక్షరాలు కనపడకుండా విండోస్ దాచేస్తుంది కాబట్టి ఫోటోలా కనిపించేది నిజానికి ఈఎక్స్‌ఈ అయి ఉండొచ్చు. లినక్స్‌లో పేరు మొత్తం కనిపిస్తుంది.

జిరాక్స్ షాపుకి తీసుకెళ్ళిన పెన్‌డ్రైవ్ ఉంది చూడు, దాన్నీ లినక్స్‌లోనే తెరువు. ఫోల్డర్లన్నీ మూలన చిన్న బాణం గుర్తుతో షార్ట్‌కట్లుగా మారి ఉంటే అసలు ఫైళ్ళు పోయాయని ఏడవకు. పేరే లేని ఒక ఫోల్డరు సృష్టించి అందులోకి అన్నిటినీ నెట్టి, దాన్ని దాచిపెట్టడం ఆ వైరస్‌లు చేసే పని. ఆ ఖాళీ పేరు ఫోల్డరు తెరిస్తే మీ రికార్డు పుస్తకం పీడీఎఫ్‌లు అక్కడే ఉంటాయి.

ఒకవేళ ఫోటోల పేర్ల చివర వింత అక్షరాలు చేరి, డబ్బు కడితేగానీ తెరవం అనే నోటు కనిపిస్తే అది వేరే రోగం. డబ్బు కట్టొద్దు, ఆ ఫైళ్ళు చెరపొద్దు. యూరోపోల్, డచ్ పోలీసులు తదితరులు 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ వెబ్‌సైట్లో కొన్ని రకాలకి ఉచిత తాళంచెవులు ఉన్నాయి. బ్యాంకు డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

ఇక అందరూ తప్పు చేసే చోటు డీ డ్రైవ్. షాపులో సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేసి ఇస్తారు. మీ నాన్న డీ డ్రైవ్‌లో 'సాఫ్ట్‌వేర్స్' అని ఫోల్డరు పెట్టుకున్నాడు, ప్రింటర్ డ్రైవర్ల నుంచి ఆటల దాకా సెటప్‌లన్నీ అందులోనే. వైరస్ వాటిని వదిలిపెట్టి ఉండదు. కొత్త విండోస్ మీద అందులోంచి ఒక్క సెటప్ నొక్కినా మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది. చెదపట్టిన చెక్కతో కొత్త తలుపు చేయించుకున్నట్టే. ఆ ఫోల్డరు మీద ఆయనకి మమకారం ఎక్కువని నాకు తెలుసు, అయినా నువ్వు గట్టిగా చెప్పు.

కాపీ చేసినవి ఆ స్నేహితురాలి కంప్యూటర్లోనే స్కాన్ చేసి, నాయనమ్మ రికార్డులు వినిపిస్తున్నాయా, ఫోటోలు తెరుచుకుంటున్నాయా అని స్వయంగా చూడు. ఆ తర్వాతే మైక్రోసాఫ్ట్ వాళ్ళ మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేసి, పాత డిస్క్‌లోని భాగాలన్నీ చెరిపి కొత్తగా వెయ్యి. మీ మిషన్‌తో వచ్చిన అసలు విండోస్ అయితే నెట్‌కి కలపగానే సాధారణంగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది కాబట్టి 11 వెయ్యి. పాత మిషన్‌కి 11 ఎక్కకపోతే లినక్స్ మింట్‌నే ఉంచేసుకోమంటాను, ఉత్తరాలకీ సినిమాలకీ బ్రౌజింగ్‌కీ అది చాలు. టాలీకి మాత్రం విండోస్ కావాలి. అప్‌డేట్లన్నీ అయ్యాకే మన ఫైళ్ళు తిరిగి పెట్టు. ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు వైరస్ లేని ఫోన్ నుంచి మార్చండి.

అప్‌డేట్లు విసుగని వాయిదా వెయ్యొద్దు. 2017 మే 12న ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. అది దూరిన కంతని పూడ్చే అప్‌డేట్ మార్చి 14నే వచ్చింది.

డబ్బు కట్టకుండా వాడే దొంగ సాఫ్ట్‌వేర్ల, అంటే క్రాకుల మాటకొస్తే నేను కఠినంగానే ఉంటాను. 'ముందు యాంటీవైరస్ ఆపండి' అని చెప్పే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇంట్లోకి రానివ్వకు. ఉత్తరాలకీ లెక్కలకీ లిబ్రాఫీస్ ఉచితం. తెలుగు కీబోర్డు విండోస్‌లోనే ఉంది. టాలీ లాంటిది కావాలంటే లైసెన్స్ కొనుక్కోండి, వ్యాపారం చేసుకునే మనిషికి అది దండగ కాదు.

ఇంకొక్కటి అడుగుతున్నాను తల్లీ. నాయనమ్మ రికార్డులు, ఫోటోలు రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టి, కాపీ అవగానే రెండూ ఊడదీసెయ్. తగిలించి ఉంచిన డిస్క్ బ్యాకప్ కాదు, వైరస్ దాన్నీ తింటుంది. ఒకటి మీ బీరువాలో ఉంచి, రెండోది ఈసారి వచ్చేటప్పుడు నాకు తెచ్చివ్వు.