బదరీవృక్షము క్రింద

మూడు ఆదివారములు మందిరమునకు రాని ఒక సహోదరిని గూర్చి, విశ్వాసము చల్లారినదని మేము తీర్పు చెప్పితిమి.

కర్మెలుమీద జయమొందిన ఏలీయాయు బదరీవృక్షము క్రింద మరణము కోరెను గదా (1 రాజులు 19). దూత అతనిని గద్దింపలేదు. రెండుమారులు తట్టిలేపి భోజనము చేయుమనెను. మేమైతే ముందుగా ప్రసంగము చేసియుందుము!

నిద్ర పట్టకపోవుట, అన్నము సహింపకపోవుట, ఇష్టమైన పనియు రుచింపకపోవుట, ఎందుకును పనికిరానని కుములుట – ఇవి రెండు వారములు విడువకున్నయెడల దిగులు జబ్బు కావచ్చును. జ్వరమును అవిశ్వాసమనని మనము దీనిని అట్లనుట న్యాయమా? చావు మాట వినబడెనా, ఒంటరిగా విడువక ఆ దినమే డాక్టరునొద్దకు తోడు పోవలెను. 14416కు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

నాలుగవ వారము ఆమె యింటికి వెళ్లితిమి. పొయ్యిలో బూడిద చల్లగా నుండెను. మేము తీసికొనిపోయిన గంజి రెండు గుక్కలు త్రాగెను.