ఋతువులు, పిల్లలు, రెండు భాషలు

ఒకటో తరగతి పిల్లలను చేను గట్టు మీదికి తీసుకుపోయి పూలు చూపించటంలో నీతిప్రశ్న ఏముంటుందని పాఠకులు అడగవచ్చు. 2025 సెప్టెంబరు వరకు నేనూ అలాగే అడిగేవాణ్ణి. కళాశాలలో తెలుగు చెప్పుకొని బతికేవాడికి పసిపిల్లల చదువు ఉపన్యాసానికి విషయమే గాని ఆలోచనకు విషయం కాదు. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9ని 2014 నుంచి తెలంగాణ భాషాదినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆనాడు ఏదో ఒక వేదిక మీద మాతృభాషలోనే చదువు చెప్పాలని నేను గట్టిగా మాట్లాడుతూ వచ్చాను. ఆ గట్టిదనంలో సగం, ఒకటో తరగతి గడప తొక్కకపోవటం వల్ల వచ్చిందేనని ఇప్పుడు అనిపిస్తున్నది.

వరంగల్లుకు కొద్ది దూరంలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో నా పాత విద్యార్థిని ఉపాధ్యాయురాలు. బతుకమ్మ సెలవులకు ముందు పిల్లలను పూలకు తీసుకుపోతున్నానని, వీలైతే రమ్మని కబురు చేసింది. 2022-23 విద్యాసంవత్సరంలో ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టినప్పుడు పాఠ్యపుస్తకాలను రెండు భాషల్లో అచ్చువేశారు. ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు. ఆ విధంగా ఆమెది రెండు భాషల తరగతి. పద్దెనిమిది మంది పిల్లలు. వారిలో ఏడుగురు పక్క తండా నుంచి వస్తారు.

గోడకు ఋతువుల పటాలు వున్నాయి. ఇంగ్లీషు పటంలో నాలుగు, తెలుగు పటంలో ఆరు. ఇంగ్లీషు చలికాలంలో మంచుబొమ్మ నిలబడి వుంది. అది చూసి నవ్వబోయి ఆగిపోయాను. తెలుగు పటంలోని హేమంత శిశిరాలు మాత్రం ఈ పిల్లల ఇళ్లలో ఎవరి నోటనైనా పలుకుతాయా? అవి నేను ప్రబంధాలు చెప్పేటప్పుడు వాడుకునే ఋతువులు. ఇక్కడి రైతుకు వున్నవి మూడు కాలాలు, 27 కార్తెలు. రోహిణిలో రోళ్లు పగులుతాయి. మృగశిరలో చేపల కూర వండుకుంటారు, విత్తనాలకు తిరుగుతారు. సరిగ్గా ఆ జూన్ రోజుల్లోనే బడి తెరుస్తారు. పిల్లవాడు మృగశిర తిని బడికి వస్తే, బడి వాడికి గ్రీష్మమో సమ్మరో నేర్పుతుంది. ఇంగ్లీషు పుట పరాయిదని గొంతు చించుకునే మనం తెలుగు పుట ఎవరి ఇంటిదో ఒకసారి చూసుకోవలసి వుంది.

బయలుదేరాము. మొదట గునుగు కోసం పత్తిచేలోకి పోయాము. గునుగు లేదు. కలుపు తీస్తున్న ముసలమ్మ, “గడ్డిమందు కొడితే గునుగు యాడికెల్లి వస్తది బిడ్డా? హన్మకొండ బజార్ల కొనుక్కోండ్రి” అన్నది. ఋతువును కూడా అంగడిలో కొనుక్కునే కాలం వచ్చిందన్న మాట. దాన్ని గురించి వేరే వ్యాసమే రాయవచ్చు.

తంగేడు మాత్రం గుట్టవాలున విరగబూసి వుంది. ఇది రాష్ట్రపుష్పమని ఉపాధ్యాయురాలు చెప్పింది. ఈ చెట్టు చెక్కతోనే ఒకప్పుడు లందల్లో తోళ్లు పదును చేసేవారని నేను చెప్పాను. పిల్లలు రెండూ వినలేదు. అప్పటికే ఒక పెరటి కంచె మీద పాకిన గుమ్మడి తీగ చుట్టూ చేరారు. ఒక పిల్లవాడు పువ్వు మీద చెయ్యి వేయబోతే తండా నుంచి వచ్చే ఒక పిల్ల వాడి చెయ్యి పట్టుకుంది. పువ్వు అడుగున గోలీకాయంత కాయను వేలితో చూపి లంబాడీలో ఏదో అన్నది. పక్కనున్న మరో తండా పిల్లవాడు మాకు తెలుగు చేశాడు: “అది కాయ అయితది సార్, తెంపొద్దంటున్నది. ఇంకోటి తెంపాలె.” ఆ పిల్ల కాయలేని పువ్వు వెతికి తెంపి ఇచ్చింది. ఆడ పువ్వేదో మగ పువ్వేదో పాఠాల్లో చేరటానికి ఇంకా ఎన్నో తరగతులు పట్టాలి. ఈ పిల్లకు ఆరేళ్లు. తన మాటను నాచేత కూడా పలికించబోయింది. నా నోరు రెండుసార్లు తడబడింది. పిల్లలందరూ నవ్వారు. తరగతిలో ఆ పిల్ల నోరు విప్పగా తాను ఎన్నడూ చూడలేదని ఉపాధ్యాయురాలు నాతో మెల్లగా అన్నది.

బడికి తిరిగివచ్చాము. ఉపాధ్యాయురాలు అదే పువ్వు ఎత్తి, “వాట్ ఈజ్ దిస్?” అని అడిగింది. “ఫ్లవర్!” అని తరగతి ఒక్కగొంతుతో అరిచింది. తంగేడు ఎత్తినా ఫ్లవరే, బంతి ఎత్తినా ఫ్లవరే. తరువాత, “ఇది ఏ పువ్వు?” అని తెలుగులో అడిగింది. తెలుగు పిల్లలు చెప్పారు. ఆ పిల్ల రెండు ప్రశ్నలకూ తల వంచుకునే కూచుంది.

నన్ను బాధించింది బోధనాపద్ధతి కాదు. ఉపాధ్యాయురాలు శ్రద్ధ గలది. నెలనెలా ఏ పిల్లవాడు ఏ భాషలో ఎన్ని మాటలు చదివాడో లెక్క అప్పజెప్పవలసినది. ఆ లెక్కలో గుమ్మడికాయను బతికించిన తెలివికి గడి లేదు. గంట క్రితం మాకు గురువుగా వున్న పిల్ల గంట తరువాత ఏమీ రానిదై పోయింది. ఈ మధ్యలో ఆమె తెలివి తరగలేదు, భాష మారింది అంతే. మన భాషలోకి వచ్చేదాకా ఒకరి జ్ఞానాన్ని జ్ఞానంగా లెక్కించకపోవటం అన్యాయమా, కేవలం అసౌకర్యమా? నా ప్రశ్న ఇది.

వరంగల్లులో ఈ ప్రశ్న కొత్తది కాదు. నిజాం రాజ్యంలో బడిభాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ ఉర్దూయే బోధనాభాష. తెలుగు పిల్లలు ఇదేవిధంగా తల వంచుకు కూచున్న రోజులవి. హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టినవారూ, 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభవారూ ఆ అవమానాన్ని గుర్తించినవారే. ఏలేవాడి మాట రానంత మాత్రాన పిల్లవాడు మొద్దు కాడనేది వారి వాదంలోని సారం. మరి ఆ వాదం మన దాకా వచ్చి ఆగిపోవాలా? గిడుగు రామమూర్తిని వ్యావహారిక భాషావాదిగా నెత్తిన పెట్టుకున్నాము. సవరల భాష తాను నేర్చుకొని, వారికి ఆ భాషలో వాచకాలు రాసి, బడులు నడిపిన గిడుగును మాత్రం జయంతి సభల్లో ఒక్క వాక్యంతో దాటిపోతాము. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన కోసం 1956లోనే రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. లంబాడీ ఇప్పటికీ ఎనిమిదో షెడ్యూలులో లేదు.

సాయంత్రం ఆ పిల్ల తండ్రి వచ్చాడు. మాతృభాష సంగతి కదిపాను. “మాకు తెలుగు పరాయిదే, ఇంగ్లీషు పరాయిదే సారూ. పరాయిది నేర్వాలంటే కూడు పెట్టేదే నేర్పుండ్రి” అన్నాడు. కూడు పెట్టే భాషను కూడా సొంత నోటి మీద నిలబడే నేర్చుకోవాలని నా నమ్మకం. ఆ మాట అనటానికి నోరు రాలేదు. నా కొడుకు చదివేది ప్రైవేటు ఇంగ్లీషు బడిలో. వాళ్లను ఏటా బస్సెక్కించి హంటర్ రోడ్డులోని జంతుప్రదర్శనశాలకు తీసుకుపోతారు. వాడు పులిని చూసి ‘టైగర్’ అని వచ్చి నాకు చెపుతాడు, నేను మురిసిపోతాను. నా పిల్లవాణ్ణి ముందు పంపి అతని పిల్లను ఆగమనే హక్కు నాకు ఎక్కడిది?

వచ్చే శ్రావణంలో తండాలో తీజ్ జరుగుతుంది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచి, చివరకు చెరువులో కలుపుతారు. ఒకటో తరగతి పిల్లలకు అంతకుమించిన వానాకాలం పాఠం ఏముంటుంది? అందరినీ అక్కడికి తీసుకుపోదామని ఉపాధ్యాయురాలితో అన్నాను. ఆటోల ఖర్చు నేను పెట్టుకుంటానని కూడా అన్నాను.

“ఖర్చుదేముంది సార్. అక్కడికి పోయి మనం ఏ భాషలో పాఠం చెపుతాం?” అని అడిగింది.

ఆ పిల్ల చేత చెప్పిద్దామన్నాను. సరే చూద్దామని హాజరుపట్టీ తీసుకొని లోపలికి వెళ్లింది.