బుల్లితెర ముందు బాలభాగవతులు

హిరణ్యకశిపుడు తపస్సునకు వెడలిన వేళ, ఇంద్రుడు బంధించి కొనిపోవుచున్న కయాధువును నారదమహర్షి విడిపించి, తన ఆశ్రమమున ఉంచి భగవద్ధర్మములను బోధించెను. కాలక్రమమున తల్లి ఆ బోధను మరచినది. గర్భస్థుడైన ప్రహ్లాదుడు మాత్రము మరువలేదు. పెద్దలు విని మరచినదానిని పిల్లలు మరువరను ఈ ఘట్టము దూరదర్శనయంత్రము గల ప్రతి గృహమునను స్మరింపదగినది.

భాగ్యనగరమున అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములను చూడుడు. శిక్షణకేంద్రముల బోర్డులు, మెట్రో రైలు దిగివచ్చు జనసమూహము, వాని నడుమ అంతస్తులపై అంతస్తులుగా నివాసములు. ఉద్యోగములకేగిన తల్లిదండ్రులు దీపములు పెట్టిన పిదపగాని ఇల్లు చేరరు. బడినుండి వచ్చిన బాలునకు నాయనమ్మయే తోడు. శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ 2008లోనే వెలసినను, వందలకొలది ఛానళ్ల నడుమ అది ఏ అంకెపై వచ్చునో ఆమెకు తెలియదు. బొమ్మల ఛానల్ అంకె మనుమనికి నిద్రలోనైనను తెలియును!

పూర్వము ఈ వెదకులాట లేదు. 1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరము, ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు ఉపగ్రహముద్వారా ప్రసారములు జరిగినవి. ఉదయపు కార్యక్రమములు బడిపిల్లలకై ఉద్దేశింపబడినవి. అందరును ఒక్క పెట్టె ముందే కూర్చుండెడివారు. 1987 జనవరి 25న రామానంద్ సాగర్ రామాయణము ఆరంభమైన పిదప ఆదివారము ఉదయమున మూడు తరములవారు ఒకే చాపపై చేరిరి. అది హిందీ భాషలోనిది. హిందీ రాని పిల్లవాడు "ఆమె ఎందుకేడ్చుచున్నది?" అని అడుగగా, హిందీ రాని నాయనమ్మయే సమాధానము చెప్పెడిది, ఆమెకు భాష రాకున్నను కథ వచ్చును. ఇప్పుడు బొమ్మలు తెలుగుననే మాటలాడుచున్నవి. అడుగవలసిన పని పిల్లలకు తప్పినది, చెప్పవలసిన పని పెద్దలకు తప్పినది. నష్టము అక్కడనే కలిగినది.

2008లో వెలువడిన ఛోటా భీమ్ ఈ నగరమునందలి గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ సృష్టియే. ఢోలక్‌పూర్ వాసియైన ఆ బాలునకు లడ్డూ తినగనే బలము వచ్చును. (లడ్డూ మహిమను వైష్ణవులు కాదనలేరు గదా!) భీమసేనుడిట్లుండునా యని కోపించి యంత్రమును కట్టివేయు పెద్దలు కొందరున్నారు. అది తగదు. భీమనామము పిల్లవాని నాలుకపై నిలిచినది, దానిని తుడిచివేయుటేల? ఆ బొమ్మకథ ముగియగనే అసలు భీముని కథ ఎత్తుకొనవలెను. దుర్యోధనుడు విషాన్నము పెట్టి గంగలో త్రోయించుట, బాలభీముడు నాగలోకమున 8 కుండల రసము త్రాగి వేయి యేనుగులకు పదిరెట్లు బలముతో తిరిగివచ్చుట విన్న బాలునకు లడ్డూ బలము చిన్నదిగా తోచును. తరువాత ఏకచక్రపురము. ఆశ్రయమిచ్చిన బ్రాహ్మణుని కుటుంబము బకాసురునకు ఆహారము కావలసిన దినమున, వారికి బదులుగా కుంతి తన కుమారునే పంపినది. బలము ఎందులకో ఆ బండి కదలినపుడు బాలునకు తెలియును. ఢోలక్‌పూరులో మల్లయుద్ధములు ఎన్ని జరిగినను ఆ తల్లి హృదయము కనబడదు.

చెప్పుటతో పని ముగియలేదు. వాల్మీకి నేర్పిన రామకథను కుశలవులు గానము చేయగా శ్రీరాముడే శ్రోతయై కూర్చుండెను. అట్లే యంత్రమును ఆపి, రాత్రి భోజనవేళ ఇల్లు చేరిన తండ్రికి ఆ కథను పిల్లవానిచేతనే చెప్పింపవలెను. బండెడన్నమును భీముడే తినుచుండగా బకుడు కోపముతో వచ్చు ఘట్టమువద్ద వాడు నవ్వు ఆపుకొనలేక ఆగును. పేర్లు తారుమారైనచో నాయనమ్మ అందించును.