తిథి లెక్క, మంచిచెడుల లెక్క

పంచాంగంలోని తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అయిదూ చక్రాలే. జావాలో అయిదు రోజుల చక్రం, ఏడు రోజుల వారం కలిసి 35 రోజులకు ఒకే జత తిరిగొస్తుంది. అంటే బడిలో చెప్పే క.సా.గు. తెలుగు పంచాంగం ఇంకాస్త చిక్కుది. సూర్యచంద్రుల మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. చంద్రుడి వేగం మారుతుంది కనుక అది ఎప్పుడూ ఒకే నిడివిలో ఉండదు.

పాశమైలారం పారిశ్రామికవాడలో సౌరమానానికీ చాంద్రమానానికీ ఉన్న తేడా యంత్రాల దగ్గరే కనిపిస్తుంది. తూర్పు రాష్ట్రాల కార్మికుల విశ్వకర్మ పూజ సౌరమానంది, ఏటా సెప్టెంబరు 17 దాపునే వస్తుంది. అదే యంత్రానికి పసుపు కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొట్టే దసరా మాత్రం కదులుతుంది: 2024లో అక్టోబరు 12, 2025లో అక్టోబరు 2. చాంద్ర సంవత్సరానికి 354 రోజులే కాబట్టి వెనక్కి జరిగింది. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో అక్టోబరు 20కి ముందుకు దూకింది. తీసివేతకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

రాహుకాలం దగ్గర అసలు ప్రశ్న లేస్తుంది. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే సోమవారం రెండోది రాహుకాలం. పగలు 12 గంటలైతే 7:30 నుంచి 9. చలికాలంలో పగలు 11 గంటలకు తగ్గితే ఆ భాగం 82.5 నిమిషాలే. (గోడ క్యాలెండరు దీన్ని పట్టించుకోదు.) ఇంతవరకూ భాగహారం. ఆ భాగం చెడ్డదన్న మాట మాత్రం భాగహారంలో పుట్టదు. వైశేషిక దర్శనకారుల దృష్టిలో కాలం ఒక్కటే, నిత్యం. గంట, తిథి అన్నవి సూర్యాదుల చలనం వంటి ఉపాధుల (పైనుంచి హద్దు గీసే నిమిత్తాల) వల్ల కలిగే వ్యవహారాలు.