కొట్టేసిన అంకె

చి. శ్రావణికి,


కాపర్ సల్ఫేట్ విద్యుద్విశ్లేషణ ప్రయోగంలో అవొగాడ్రో సంఖ్య 5.7 వస్తే (10 ఘాతం 23 అలా ఉంచు), దాన్ని కొట్టేసి రికార్డులో 6.02 వేశావని మీ నాన్న చెప్పాడు. ప్రాక్టికల్స్‌కి ముందే సీనియర్ల రికార్డు చూసి రీడింగులు నింపేసే రోజులివి, అడిగే నాథుడూ లేడు. అయినా ఆ 6.02 పుట్టుక తెలిస్తే నీ చెయ్యి అంత తేలిగ్గా ఆడేది కాదు.

ఒకే ఉష్ణోగ్రత, పీడనాల్లో సమాన ఘనపరిమాణాల వాయువుల్లో అణువుల సంఖ్య సమానమని 1811లో అవొగాడ్రో అన్నాడే గాని, ఆ సంఖ్య ఎంతో తెలియకుండానే 1856లో పోయాడు. దాన్ని గట్టిగా పట్టుకున్నవాడు పారిస్‌లోని జీన్ పెర్రిన్. చిత్రకారులు పసుపు రంగుకు వాడే గాంబోజ్ జిగురును నీళ్లలో కలిపి, ఒకే సైజు రేణువులను వేరుచేసి, మైక్రోస్కోపు కింద ఒక్కో ఎత్తులో ఎన్నున్నాయో లెక్కపెట్టాడు. అడుగున 100 ఉంటే, 30 మైక్రాన్లు పైకి పోతే 47, ఇంకో 30కి 23, ఆపైన 12. కొండెక్కేకొద్దీ గాలి పలచబడే సూత్రమే ఇక్కడా. ఇలాంటి లెక్కల్లో ఆయనకు వచ్చింది 6.8 దరిదాపు, అంటే నేటి విలువ కన్నా పదో వంతుకు పైగా ఎక్కువ. ఆయన దాన్ని అలాగే అచ్చువేశాడు. 1913 నాటి తన పుస్తకంలో బ్రౌనియన్ చలనం, ఆకాశపు నీలిరంగు, రేడియోధార్మికత ఇచ్చిన విలువలనూ పక్కన పేర్చాడు. అవి 6 నుంచి 7.5 దాకా ఉన్నాయి. ఒకదానితో ఒకటి పొత్తులేని పద్ధతులు ఇంత దగ్గరకు రావడం చూసే పరమాణువులున్నాయని లోకం నమ్మింది. అన్నిటినీ ఒకే అంకెకు దిద్ది ఉంటే ఆ రుజువుకు విలువేముంటుంది?

'ఆయన పెర్రిన్, నాది పాత అమ్మీటరు, తప్పు నాదేగా' అంటావు. కావచ్చు. కానీ తప్పెవరిదో ముందే తేల్చేస్తే ఏమవుతుందో చూడు. భౌతికశాస్త్రవేత్త మిల్లికన్ నూనె చుక్కలతో కొలిచిన ఎలక్ట్రాన్ ఆవేశం నుంచి ఈ సంఖ్య 6.06 అని తేలింది. 1923లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. 1930 ప్రాంతంలో ఎక్స్‌రేలతో స్ఫటికాలను కొలిచినవారికి అంతకన్నా తక్కువ వచ్చింది. మొదట అనుమానమంతా కొత్త పద్ధతి మీదే. అయినా వాళ్లు తమ అంకెను సర్దలేదు. చివరికి తేలిందేమిటంటే, మిల్లికన్ తీసుకున్న గాలి స్నిగ్ధత విలువే కాస్త తక్కువ.

'ఇప్పుడది 2019 మే 20 నుంచి నిర్వచనంగా 6.02214076, ఇక కొలిచేదేముంది' అని కూడా అనవచ్చు. అందుకే నీ 5.7 మరీ విలువైనది. ఆ సంఖ్య ఇక కదలదు కాబట్టి, తేడా అంతా నీ బల్ల మీదే ఉంది. రాగి పేరుకున్న రేకును తడారకుండా తూచితే బరువు ఎక్కువ చూపి సంఖ్య తగ్గుతుంది. అమ్మీటరు ముల్లు సున్నా మీద నిలవకపోయినా లెక్క తప్పుతుంది.

రేపు ల్యాబ్‌కి వెళ్లి 6.02ను ఒక్క గీతతో కొట్టెయ్. పక్కన 5.7 వేసి సంతకం పెట్టు. రేకును ఆరబెట్టి మళ్లీ తూచు, వచ్చిందేదో రాయి. మార్కులు తగ్గితే మీ నాన్నతో నేను మాట్లాడతాను.

పెదనాన్న