దొంగ బిడ్డ దొంగయగునా?

ధ్యాన భాగము: యెహెజ్కేలు 18వ అధ్యాయము, 1 సమూయేలు 2:12–26



మన పల్లెలో దొంగతనము జరిగినయెడల, పోలీసువారు రాకముందే మన నోట ఒక పేరు వచ్చును. "వాని తండ్రియు అట్టివాడే గదా" అందుము. పూర్వము ఇశ్రాయేలీయులును తండ్రుల దోషము పిల్లలకు తగులునని సామెత చెప్పుకొనుచుండిరి. అయితే దేవుడు తన ప్రవక్త ద్వారా, ఆ సామెత ఇకమీదట పలుకవద్దని సెలవిచ్చెను. ఎవని పాపమునకు వాడే ఉత్తరవాది.

అట్లయిన ఇంటి ప్రభావము లేదందుమా? ఉన్నది. ఆవు చేలో మేసిన దూడ గట్టున మేయునా అని మన పెద్దలు ఊరక అనలేదు. ఏలీ కుమారులు దేవుని మందిరమునొద్దనే యుండి బలిమాంసమును బలవంతముగా తీసికొనిరి. తండ్రి నోటితో మందలించెను గాని అడ్డగింపలేదు. తండ్రి త్రాగివచ్చి తల్లిని కొట్టుచుండగా మూలన నక్కి చూచు బిడ్డ, బలమే న్యాయమని నేర్చుకొనును. తూకములో మోసము చేసి, ఇంటికి వచ్చి నవ్వుచు చెప్పుకొను తండ్రి, పలక లేకుండనే కుమారునికి పాఠము చెప్పుచున్నాడు.

అయినను అదే షిలోహులో, అదే ఏలీ చేతిక్రింద పెరిగిన సమూయేలు దైవజనుడాయెను. ఆ సమూయేలు కుమారులో, లంచములు పుచ్చుకొనిరి. గనుక ఇల్లు మనుష్యుని ఒక త్రోవవైపు నెట్టగలదు గాని, వాని తలవ్రాత వ్రాయలేదు.

తలవ్రాత వ్రాయజూచిన చట్టమొకటి మన దేశములో ఉండెను. అది 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టము. 1911 చట్టముతో అది మద్రాసు రాజధానికిని వచ్చెను. ఎరుకలవారిలో అనేకులు పశువులమీద ఉప్పు, ధాన్యము మోసికొనిపోయి ఊరూర అమ్ముకొని బ్రదికినవారు. రైళ్లును, ఉప్పుమీద సర్కారు కట్టుదిట్టములును వచ్చి ఆ వర్తకమును పడగొట్టెను. కూడు పోయినవారిని చట్టము పుట్టుదొంగలని వ్రాసికొనెను. వారు హాజరు పలుకవలెను. చీటి లేనిదే ఊరు దాటరాదు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురము, రక్షణ సైన్యమువారు నడిపిన అట్టి సెటిల్మెంటే. వారు బడి పెట్టిరి, సేద్యము నేర్పిరి. ఆ మేలు మరువరాదు. గాని సువార్త పట్టుకొన్న చేతులే హాజరు పుస్తకమును పట్టుకొనెను. దీనిని గూర్చియు సంఘము ఆలోచింపవలెను.

ఆ చట్టము మద్రాసు రాష్ట్రములో 1947లోను, దేశమంతట 1952లోను రద్దాయెను. జనుల నోటిలోని చట్టము మాత్రము రద్దు కాలేదు. 1970 దశకములో ఆ ఊరివారి మార్పుకొరకు పనిచేయ వెళ్లినవారిలో లవణం గారును, మహాకవి జాషువా గారి కుమార్తెయైన హేమలతా లవణం గారును ఉన్నారు. వారు నాస్తికులు. దేవుని ఎరుగుదుమని చెప్పుకొను మనకిది బుద్ధి చెప్పుచున్నది.

ప్రభువు జక్కయ్యను ఎట్లు చూచెను? జనులు పాపియని సణుగుచుండగా, ఆయన ఆ ఇంటికే అతిథిగా వెళ్లెను. జక్కయ్య అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను. ప్రభువు అతనిని అబ్రాహాము కుమారుడని పిలిచెను. నేరము నేరమే, నష్టము తీర్చవలసినదే. అయితే ఇంటి గడప త్రొక్కువాడు ఒకడు ఉండినందున ఆ మార్పు కలిగెను.

తల్లిదండ్రులారా, మీ కోపమును, మీ త్రాగుడును బిడ్డలకు ఆస్తిగా ఇయ్యకుడి. సంఘ పెద్దలారా, జైలుకు పోయినవాని భార్యాబిడ్డల ఇంటికి ఈ నెలలోనే వెళ్లుడి. వాని బిడ్డ పుస్తకములు, ఫీజు సంగతి విచారింపుడి. వాడు విడుదలై గుడికి వచ్చినప్పుడు, చాపమీద ప్రక్కకు జరిగి చోటియ్యుడి. పొలములో కూలి అడిగినప్పుడు పని చూపుడి. యౌవనులారా, తండ్రి పేరు చెప్పి ఎవరైన మిమ్మును అవమానించినయెడల, యెహెజ్కేలు 18వ అధ్యాయము తెరచి చదువుకొనుడి. దేవుడు మీ పేర మీకే లెక్క వ్రాయుచున్నాడు.

ప్రార్థన: తండ్రీ, మా ఇండ్లను శుద్ధిచేయుము. నీవు కొట్టివేసిన సామెతను మా నోటనుండి తీసివేయుము. ఆమేన్.